తొంభై ఒకటో రోజు

నేను ఒక కత్తిని. అలా అనగానే మీరు ఒక అడుగు వెనక్కి వేశారు చూడండి, మనుషుల తీరే అంత. కంగారు పడకండి. నా జన్మలో నేను కోసింది చెట్ల బెరడు, ఎప్పుడైనా ఒకటి రెండు కర్రపెండలం దుంపలు, అంతే. ఇప్పుడు మలేషియాలో ఒక చిన్న మ్యూజియంలో, గాజు పెట్టెలో, ఒంటికి నూనె రాయించుకుని దర్జాగా పడుకుని ఉన్నాను. నా పక్కన పెట్టిన చీటీలో 'తోట పనిముట్టు' అని రాశారు. బడిపిల్లలు వచ్చి గాజుకు ముక్కులు ఆనించి చూసి, దీంతో ఏం చేస్తారో అంతుపట్టక ముందుకు వెళ్లిపోతారు. వాళ్ల తప్పేమీ లేదు. ఇన్నేళ్లు బతికిన నాకే చాలా సంగతులు అంతుపట్టలేదు. ముఖ్యంగా ఒకటి. ఎనభై ఏళ్లయినా దాని నుంచి నేను తేరుకోలేదు. అదే మీకు చెప్పాలి.

నన్ను చేసినవాడు పేరాక్ ప్రాంతంలో ఒక బజారు వీధి చివర కొలిమి పెట్టుకున్న చీనా కమ్మరి. పాత లారీ కమాను ముక్కను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కొసను గోటిలా వంచి పదును పెట్టాడు. రబ్బరు చెట్టు గీసే కత్తులన్నీ అలాగే ఉంటాయి. ఆ వంపుతో బెరడు మీద సన్నటి పొర లేపితే, లేపిన చోటినుంచి తెల్లగా పాలు కారి, చెట్టుకు కట్టిన గిన్నెలో పడతాయి. అయితే మిగతా కత్తుల వంపు ఒక పక్కకి, నా వంపు ఇంకో పక్కకి. నన్ను చేయించుకున్న పైడయ్యది ఎడమచేతి వాటం మరి! కమ్మరికి తెలుగు రాదు, పైడయ్యకు చీనా రాదు. గంటసేపు ఇద్దరూ గాలిలో చేతులు తిప్పుకున్నారు. మొదట తయారైన కత్తి మామూలు కత్తే అయింది. పైడయ్య తల అడ్డంగా ఊపాడు. కమ్మరి ఏదో గొణుక్కుంటూ మళ్లీ కొలిమి ఊదాడు. రెండోసారి పుట్టినదాన్ని నేను.

పైడయ్యది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. ఓడెక్కి మలయా వచ్చి రబ్బరు తోటలో కూలికి కుదిరాడు. మనిషికి మూడొందల చెట్లు. ఒక్కో చెట్టుకు రోజుకు ఒక్క గీత, నిన్నటి గీతకు సరిగ్గా కిందనే. లోతు ఎక్కువైతే చెట్టుకు గాయం, తక్కువైతే పాలు రావు. తోటలో అందరి గీతలూ ఎడమ పక్క పైన మొదలై కుడి పక్కకు దిగితే, పైడయ్య గీతలు కుడి నుంచి ఎడమకు దిగేవి. "ఊరందరిదీ ఒక దారి, నీదొక దారీనా?" అని మేస్త్రీ మొదట్లో నానా తిట్లూ తిట్టాడు. కానీ పైడయ్య గీసిన చెట్టు మీద ఒక్క గాయం ఉండేది కాదు. బెరడు మళ్లీ నున్నగా పట్టేసేది. దాంతో మేస్త్రీ నోరు మూసుకున్నాడు. ఎంత దూరం నుంచి చూసినా, అవి పైడయ్య చెట్లని ఎవరైనా చెప్పేసేవారు.

తోటలో ఇంకో పద్ధతి ఉండేది. కారిన పాలన్నీ తెచ్చి కొట్లో పోశాక, కూలీ తన బాల్చీ శుభ్రంగా కడిగి కొట్టు ముందు బోర్లిస్తాడు. బోర్లించాడంటే పని ముగిసిందన్నమాట. ఆ తరువాత దొర కూడా ఆ మనిషికి పని చెప్పడు. ఏ కాగితం మీదా లేని ఈ నియమాన్ని దొరలూ కూలీలూ ఒక్కలాగే పాటించారు. కాగితాల మీద రాసుకున్నవి ఇట్టే తప్పే మనుషులు, రాసుకోని ఇలాంటి వాటికి అంత విలువ ఇవ్వడం నాకు భలే ముచ్చటగా ఉండేది.

పక్క వరస చెట్లు పైడయ్య భార్య తవిటమ్మవి. మొగుడికి చలిజ్వరం వచ్చినప్పుడల్లా అతని చెట్లు కూడా తనే గీసేది. పాత గీత ఏ వాలున ఉంటే కొత్త గీత ఆ వాలునే పోవాలి గనక, నన్ను ఎడమ చేత్తో పట్టడం నేర్చుకుంది. నేర్చుకునే రోజుల్లో దాని చేతినిండా బొబ్బలే. "మొగుడూ వంకరే, మొగుడి కత్తీ వంకరే," అని నవ్వేది.

ఇంతలో జపాన్ సైన్యం వచ్చింది. తెల్లదొరలు కార్లెక్కి పారిపోయారు. రబ్బరు కొనే దిక్కు లేక, చెట్ల మధ్య కర్రపెండలం వేసుకుని తిన్నారు జనం. మరుసటి ఏడు జూన్‌లో తోటకు లారీలు వచ్చాయి. సయాం దేశం నుంచి బర్మాకు అడవిలో రైలు దారి వేస్తున్నారు, ఇంటికొక మగాడు రావాలి, తొంభై రోజుల పని, గడువు కాగానే రైలెక్కించి ఇంటికి పంపుతాం అని దుబాసీ అరిచి చెప్పాడు. రానంటే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. తుపాకులు కనిపిస్తూనే ఉన్నాయి.

పైడయ్య నన్ను గుడ్డలో చుట్టి తవిటమ్మ చేతిలో పెట్టాడు.

"తొంబై రోజులే గదే. దీని పదును పోనీకు," అన్నాడు.

తొంభై రోజులు అయ్యాయి. నూట ఇరవై అయ్యాయి. వెళ్లిన నలభై మందిలో ఒక్కడూ తిరిగి రాలేదు, ఒక్క కబురూ అందలేదు. నాకు పని లేకపోయినా తవిటమ్మ వారానికోసారి నన్ను రాయి మీద నూరుతూనే ఉంది.

అలాంటప్పుడు తోటకు ఆజాద్ హింద్ ఫౌజు వాళ్లు వచ్చి సభ పెట్టారు. బర్మా మీదుగా వెళ్లి ఇండియాను తెల్లవాళ్ల చేతిలోంచి విడిపిద్దాం, ఆడవాళ్లకూ ఒక దళం ఉంది, ఇష్టమున్నవాళ్లు రండి, బలవంతం లేదు అన్నారు. ఆ తోటలోనే పుట్టి, ఇండియా మట్టి రంగు కూడా తెలియని ఆడపిల్లలు ఏడుస్తూ చేతులెత్తారు. చూడని దేశం కోసం ఇంత ఏడుపేమిటో అనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ గుండె బరువెక్కింది. తవిటమ్మ కూడా చెయ్యెత్తింది. పేరు రాసుకుంటున్నవాళ్లను ఒకే మాట అడిగింది.

"బర్మాకి ఏ దారిన ఎల్తామండీ?"

కొత్తగా వేసిన రైలు దారిలోనే అన్నారు. వెంటనే వేలిముద్ర వేసింది. దేశం మీద ప్రేమ లేక కాదు. ఆ దారిలో మొగుణ్ని వెతికి ఇంటికి తెచ్చుకోవాలని దాని ఆశ. రెండూ ఒకే రైల్లో కుదురుతుంటే ఎందుకు వదులుకుంటుంది?

సింగపూర్‌లో దాని జుట్టు కత్తిరించారు, ఖాకీ లాగూ చొక్కా ఇచ్చారు, రైఫిలు పట్టడం నేర్పారు. ఆ జట్టుకు పెద్ద లెఫ్టినెంట్ కనకవల్లి. ఈపో పట్నంలో ప్లీడరు గారి కూతురు, తమిళ పిల్ల. తోట వాళ్లందరికీ అరవం వచ్చు గనక మాటకు ఇబ్బంది లేకపోయింది. సామాను తనిఖీలో నన్ను చూసి, ఇదెందుకని అడిగిందామె.

"మా ఆయనదమ్మా. అగుపడితే ఇచ్చీయాల," అంది తవిటమ్మ.

కనకవల్లి నన్ను తిరిగి సంచిలో పెట్టేసింది.

గూడ్సు పెట్టెల్లో కూర్చుని, పాటలు పాడుకుంటూ అడవిలో పడ్డారు. మూడో రోజు మధ్యాహ్నం ఇంజను మొరాయించి ఒక మజిలీలో ఆగిపోయింది. నాలుగు వెదురు పాకలు, పక్కన ఒక ఏరు, అంతే ఆ మజిలీ. బాగు చేయడానికి మర్నాటి దాకా పడుతుందన్నారు. అక్కడి పెద్ద ఒక జపాన్ సార్జెంటు, నెరిసిన మీసాలవాడు. ఆడ సిపాయిలను చూసి నడుం వంచి నమస్కారం చేశాడు. అందరికీ వేడినీళ్లు ఇప్పించాడు. ఒక అమ్మాయి బూటు అడుగు ఊడిపోతే, తానే సూది తెచ్చి కుట్టి ఇచ్చాడు.

"మంచోడే పాపం," అంది తవిటమ్మ.

నాకూ అలాగే అనిపించింది. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

సాయంత్రం నన్ను నడుం దగ్గర దోపుకుని, మొహం కడుక్కోవడానికి ఏటి వైపు వెళ్తూ తవిటమ్మ ఉన్నట్టుండి నిలబడిపోయింది. ఎదురుగా చెట్టు మీద గీతలు. అది రబ్బరు చెట్టు కాదు, ఏదో అడవి చెట్టు. గీస్తే చుక్క పాలు రాని చెట్టును గీసే పిచ్చివాడెవడా అని నేను అనుకునే లోపలే తవిటమ్మ చెయ్యి నన్ను గట్టిగా పట్టుకుంది. గీతలన్నీ కుడి నుంచి ఎడమకు దిగుతున్నాయి.

ఏ డబ్బా రేకుతోనో గీసినవి, అంచులు చిరిగిపోయి ఉన్నాయి. అయినా ఆ వాలు, గీతకూ గీతకూ మధ్య ఎడం, చివర్లో మణికట్టు తిప్పి ఆపడం, అన్నీ నాకు తెలుసు. ఆరేళ్లు ఆ చేతిలోనే ఉన్నాను.

తవిటమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. ముప్పై. పక్క చెట్టు మీద ముప్పై. దాని పక్క చెట్టు మీద ఇంకో ముప్పై. నిలబడి, రొమ్ము ఎత్తున, తోటలో గీసినంత పొందిగ్గా గీసినవి.

"తొంబై! తొంబై రోజులూ బతికే ఉన్నాడు!" అని గట్టిగా నవ్వేసింది. గడువు పూర్తయింది గదా, ఇంటికి బయల్దేరే ఉంటాడు, దారిలో ఒకరికొకరం ఎదురుపడకుండా తప్పిపోయామేమో అనుకుంది. నాక్కూడా ఆశ పుట్టింది.

అప్పుడు నాలుగో చెట్టు చూసింది. దాని మీద పైన ఏమీ లేదు. కింద, వేళ్ల దగ్గర, ఐదు గీతలున్నాయి.

అంత కింద ఎందుకు గీశాడో దానికి అర్థం కాలేదు. నన్ను ఎడమ చేత్తో పట్టుకుని వంగి చూసింది. చెయ్యి కుదరలేదు. గొంతుకూర్చుని చూసింది. అప్పటికీ ఆ వాలు రాలేదు. చివరికి నేల మీద పక్కకు ఒరిగి పడుకుని, చెయ్యి చాపింది. నా అంచు ఆ గీతలో సరిగ్గా కూర్చుంది.

లేవలేదు. అలాగే పడుకుని ఉండిపోయింది. పచ్చి బెరడు పట్టిన తీరు చూస్తే ఆ గాయాల వయసు ఆరు నెలలు. అంతకు కింద గీత లేదు.

"ఎవులమ్మా అక్కడ? తెనుగోలేనా?" అని ఆ చెట్టు పక్కనున్న పాకలోంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది.

అది జబ్బు పడ్డవాళ్ల పాక. లోపల ముగ్గురున్నారు. ఇద్దరు కళ్లు తెరవడం లేదు. మాట్లాడినవాడు నలభై ఏళ్లవాడు, ఎముకల గూడు, కుడి కాలి మీద మోకాలి దాకా పుండు. పేరు అసిరయ్య, వేరే తోట నుంచి వచ్చినవాడు. తవిటమ్మ తనెవరో చెప్పలేదు. ఆ గీతలెవరివని మాత్రం అడిగింది.

"పైడయ్యని ఒకడుండీవోడు తల్లీ. రోజూ పని నుంచొచ్చి ఒక గీత గీసీవోడు. తొంబయ్యో గీత గీసీసి, మాకందరికీ సెప్పినాడు, ఒరే, మన గడువు అయిపోనాది, రేపట్నించి పని లేదూ అని. తెల్లారి ఏట్లో తానం సేసినాడు. మట్టి మోసిన తట్ట సుబ్బరంగా తోమి కడిగినాడు. అట్టుకెల్లి సార్జెంటు కాల్ల ముందల బోర్లించినాడు. దండమెట్టి, 'మా పని అయిపోనాది బాబూ, రైలెప్పుడు?' అన్నాడు. తోటలో అలవాటు గదా."

"మరి?"

"ఆల్లకేటి తెలుసమ్మా మన అలవాటు! కాల్ల ముందల తట్ట బోర్లిస్తే, పని సెయ్యనని తిరగబడ్డాడు గావాలనుకున్నారు. ఎదురు గడతో మోకాల్ల మీద కొట్టినారు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు. మల్లీ లెగనేదు. ఈ పాక అంచున, ఆ సెట్టు కాడ పడుకోబెట్టినాం. ఐదు రోజులున్నాడు. ఐదు రోజులూ గీసినాడు. గడువు అయిపోనాది గదరా, ఇంకా ఏటికి గీస్తన్నావురా అంటే, 'ఇవి లెక్కలోన లేని రోజులొరే, ఎవులో ఒకరు ఒచ్చి అడుగుతారు' అన్నాడు."

బోర్లించిన బాల్చీని చూసి దొరలే పక్కకు తప్పుకునేవారు. అది మా తోట గేటు దాటితే చెల్లని మర్యాద అని పైడయ్యకు తెలియదు. తెలియజెప్పినవాళ్లు లేరు. లోకమంతా తన తోటలాగే ఉంటుందనుకున్నాడు.

"కొట్టించింది ఏ సార్జెంటు?" అంది తవిటమ్మ.

"ఎవులేటి? ఆడే, నెరిసిన మీసాలోడు. నువ్వు పైడయ్యకి ఏటవుతావమ్మా?"

"పెళ్లాన్ని," అంది.

అసిరయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

తవిటమ్మ బయటికి వచ్చి రైఫిలు అందుకుంది. సార్జెంటు పొయ్యి దగ్గర కూర్చుని ఇంకో అమ్మాయి బూటు కుడుతున్నాడు. ఆ చేతులే బూటు కుట్టడం, ఆ నోరే ఆ పని చేయించడం నా బుర్రకు ఇప్పటికీ అందదు. కనకవల్లి పరుగెత్తుకొచ్చి రైఫిలు గొట్టం పట్టుకుంది. సంగతంతా విన్నా గొట్టం వదల్లేదు. ఆ పిల్లకు కూడా ఏమీ తెలియదు. ఎవరితో చెయ్యి కలిపి దేశాన్ని విడిపించబోతున్నారో, ఆ చెయ్యి ఏం చేసిందో అప్పుడే తెలిసింది.

"నువ్వు కాలిస్తే మనల్నందర్నీ ఇక్కడే చంపేస్తారు. పాకలో ఉన్నవాళ్లనీ చంపేస్తారు," అంది మెల్లగా.

"సంపకపోతే మాత్రం ఆల్లు బతుకుతారేటమ్మా?"

అప్పుడు పాకలోంచి అసిరయ్య గొంతు వినిపించింది.

"అమ్మా, నన్ను మీ సిపాయిల్లోన రాసుకోండి. ఎలాగూ సచ్చీవోణ్నే. నడుస్తా సస్తాను."

కనకవల్లి తమతో రైల్లో వచ్చిన దుబాసీని వెంటబెట్టుకుని సార్జెంటు దగ్గరికి వెళ్లింది. పాకలో ముగ్గురు భారతీయులు ఇష్టపూర్వకంగా ఫౌజులో చేరుతున్నారు, వాళ్లను పంపించమంది. సార్జెంటు ఆశ్చర్యపోయి, నవ్వి, చివరికి ఒప్పుకున్నాడు. పనికిరాని కూలీలు ఎక్కడికి పోతే వాడికేం? ఒకటే షరతు పెట్టాడు. సిపాయి అన్నవాడు తుపాకీ భుజాన వేసుకుని, ఎవరూ పట్టుకోకుండా పాక నుంచి రైలు దాకా నడవాలి. పడిపోతే సిపాయి కాదు, మళ్లీ పాకలోకే.

పాక నుంచి రైలుకు రెండొందల అడుగులు.

పొద్దున్నే ఇంజను కూసింది. పాకలో మిగతా ఇద్దరూ కనీసం లేచి కూర్చోలేకపోయారు. వాళ్లలో ఒకడు కళ్లు తెరిచి అసిరయ్య వైపు చూశాడు, అంతే. అసిరయ్య గుంజ పట్టుకుని లేచాడు. తవిటమ్మ తన రైఫిలును రెండు క్షణాలు అలాగే పట్టుకుంది. ఇరవై అడుగుల దూరంలో సార్జెంటు నిలబడి ఉన్నాడు. దాని వేలు ఎక్కడుందో నడుం దగ్గరున్న నాకు తెలుసు. తరువాత ఆ రైఫిలును అసిరయ్య భుజానికి తగిలించి, వెనక్కి చూడకుండా వెళ్లి రైలు పెట్టె తలుపు దగ్గర నిలబడింది.

అసిరయ్య నాలుగు అడుగులు వేశాడు. పది వేశాడు. పుండు నుంచి రసి కారి నేల తడిసింది. ముప్పై అడుగులకు ఆగిపోయాడు. ఒళ్లు ఊగిపోతోంది. ఆడపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు.

"అన్నా!" అని కేకేసింది తవిటమ్మ. "పాలు నిండిపోనాయి అన్నా! గిన్నెలు పొర్లిపోతన్నాయి! ముందల సెట్టు కాడికి రా!"

అసిరయ్య తలెత్తాడు. గిన్నెలు పొర్లిపోతుంటే కూర్చునే రబ్బరు కూలీ ఎక్కడా ఉండడు. అడుగు పడింది.

"ఇంకో సెట్టు అన్నా! ఇంకో సెట్టు! ఆనొస్తాది, పాలన్నీ పాడైపోతాయి, రా!"

చెట్టు తరువాత చెట్టు పిలిచింది. తోటలో వరస ఎలా తిరుగుతుందో అలాగే పిలిచింది, వాగు గట్టు సెట్టు, మెట్ట మీద సెట్టు, పుట్ట కాడ సెట్టు. దాని గొంతు జీరపోయింది. చివరి పది అడుగులు అసిరయ్య కళ్లు మూసుకునే నడిచాడు. పెట్టె అంచుకు చెయ్యి తగలగానే కూలబడిపోయాడు. పదిహేను జతల చేతులు ఒక్కసారిగా లోపలికి లాగేశాయి.

సార్జెంటు అటెన్షన్‌లో నిలబడి రైలుకు సెల్యూట్ చేశాడు. ఆడపిల్లల్లో ఒక్కరూ చెయ్యెత్తలేదు. లెఫ్టినెంట్ కూడా ఎత్తలేదు.

తరువాత కథ పెద్దగా లేదు. వాళ్లు రంగూన్ చేరేసరికి యుద్ధం జపాన్‌కు ఎదురు తిరిగింది. తవిటమ్మ తుపాకీ ఒక్క గుండు కాల్చలేదు. ఆసుపత్రిలో కట్లు ఉతికింది. తరువాత కాలినడకన వెనక్కి వచ్చింది. గెలిచిన తెల్లదొరలు తిరిగొచ్చి, మళ్లీ అదే తోటలో అవే మూడొందల చెట్లు చూపించారు. ఎడమవాటం చెట్లను ఎడమ చేత్తోనే గీసింది. ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చిందన్న రోజు కూడా చెట్లు గీసే వచ్చింది.

ఆ మజిలీ దాటిన ఇరవై ఎనిమిదేళ్ల తరువాత, ఫౌజులో పనిచేసినవాళ్ల పేర్లు రాసుకోవడానికి పట్నం నుంచి ఒక సంఘం వాళ్లు తోట బడికి వచ్చారు. తవిటమ్మ వరసలో నిలబడి, తన వంతు రాగానే బల్ల ముందు కూర్చుంది. నేను దాని సంచిలో ఉన్నాను. గుమాస్తా కుర్రాడు ఫారం తీశాడు.

"ఎన్ని యుద్ధాల్లో పాల్గొన్నారమ్మా?"

"ఒక్కటీ నేదు బాబూ."

"ఎక్కడైనా కాల్పులు జరిపారా?"

"నేదు."

"మరి ఫౌజులో ఏం చేశారు?"

తవిటమ్మ సంచి మీదుగా నన్ను తడిమింది.

"రెండొందల అడుగులు నడిపించినాను."

"ఏ దళాన్ని?"

"దలం కాదు బాబూ. ఒక మనిసిని."

కుర్రాడి కలం ఆగిపోయింది. అంత చిన్న గడిలో దాన్ని ఎలా రాయాలో వాడికి తోచలేదు. పాపం, పైవాళ్లు అడగమన్న ప్రశ్న ఇంకొకటి మిగిలింది.

"దీనికి సాక్షి ఎవరైనా ఉన్నారా అమ్మా?"

వెనక బెంచీ మీద, రంగూన్ ఆసుపత్రిలో కుడి కాలు మోకాలి దాకా తీసేసిన ముసలివాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. పక్కవాళ్లు సాయం పట్టబోతే వద్దన్నాడు. చంకకర్ర ఊతంతో అసిరయ్య లేచి నిలబడ్డాడు.